నాలుగు మీటర్లకు ఐదు మిల్లీమీటర్లు తక్కువ

ఏలూరులో కార్ డెకార్స్ షాపు ముందు ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉన్నారు మీరు. చేతిలో రెండో టీ. భీమడోలు అల్లుడు కాబట్టి టీతో పాటు మీ అభిప్రాయం కూడా అడుగుతున్నారు. టీ వరకైతే పర్లేదు. నోరు విప్పారో, మామగారికో బావమరిదికో కోపం రావడం ఖాయం.

ఎదురుగా తెల్ల సోనెట్. సీట్ల మీద కంపెనీ ప్లాస్టిక్కు ఇంకా తియ్యలేదు. "మన పెనుకొండలో తయారైన బండండీ అల్లుడుగారూ," అని మామగారు పొద్దున్నించి కనబడ్డవాళ్లందరికీ చెబుతున్నారు, ఆ ఫ్యాక్టరీలో తనకీ వాటా ఉన్నట్టు. డీజిల్ ఇంజను, 1493 సీసీ. పొడవు 3995 మిల్లీమీటర్లు. ఈ రెండు అంకెలూ కాకతాళీయం కావు. నాలుగు మీటర్లు దాటకుండా, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ మించకుండా ఉండే కార్లకి 2006 బడ్జెట్‌లో ఎక్సైజు సుంకం తగ్గించారు. అప్పట్నించి కంపెనీలన్నీ ఆ గీత దగ్గరే బండి కొలత ఆపుతున్నాయి. 2013లో ఎకోస్పోర్ట్, 2016లో బ్రెజా, 2017లో నెక్సాన్, 2019లో వెన్యూ, 2020లో ఇది. ముందునించి చూస్తే ఠీవిగా ఉంటాయి, వెనక్కి వెళ్లి చూస్తే గుడ్డ చాలక కత్తిరించేసినట్టు ఉంటాయి. 2025 సెప్టెంబరు 22న, సరిగ్గా దసరా నవరాత్రులు మొదలైన రోజున, ఈ కొలతలో ఇమిడే కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. అంతకుముందు డీజిల్ బండికి సెస్సుతో కలిపి 31. మామగారు శ్రావణంలో అడ్వాన్సు కట్టి కూడా నవరాత్రుల దాకా బండి తీసుకోలేదు. ఇప్పుడు కార్తీకం.

"అలా మిగిల్చిందంతా ఇక్కడ పోసేస్తున్నాడు," అంటారు కొడుకుని చూపించి.

బావమరిదిది హైదరాబాదులో ఉద్యోగం. ఫోన్లో జాబితా రాసుకొచ్చాడు. షాపు కుర్రాడు మాత్రం జాబితా చూడడు, పెద్దాయన మొహం చూస్తాడు. "ముందు గార్డు వేయించుకోండి సార్. గేదె అడ్డమొచ్చినా బంపరు చెక్కు చెదరదు." చేతి మణికట్టంత లావు స్టీలు గొట్టం తెచ్చి బానెట్ ముందు పట్టుకున్నాడు. మామగారి కళ్లు మెరిశాయి.

ఇక మీరు నోరు తెరవక తప్పదు. ఈ గార్డులు తీయించమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. గుద్దుకున్నప్పుడు ముందు భాగం నలగాలి. బండి వేగం ఎంత హఠాత్తుగా పడిపోయిందో చూసే సెన్సార్లు ఎయిర్‌బ్యాగును విప్పుతాయి. మధ్యలో ఛాసిస్‌కి బిగించిన ఇనప గొట్టం ఉంటే ఆ లెక్క తప్పొచ్చు. నడిచిపోయే మనిషికి తగిలితే సరేసరి, ఎముకలు మిగలవు. పైగా ఇంజనీర్లు తల బద్దలు కొట్టుకుని ఐదు మిల్లీమీటర్లు మిగిలిస్తే, మనం ఒక్క బిగింపుకి జానెడు పెంచేస్తాం.

"అదంతా మాకు చెబుతారు. గేదెలకి ఎవరు చెబుతారండీ?" అన్నారు మామగారు. అయినా గార్డు లోపలికి వెళ్లిపోయింది. అల్లుడి మాట కదా.

సీటు కవర్ల దగ్గరికి మిమ్మల్ని బావమరిది చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు. డ్రైవరు సీటు వీపు బయటి అంచున, తలుపు వైపు, గోరంత గుడ్డ ముక్క కుట్టి ఉంది. దాని మీద ఎయిర్‌బ్యాగ్ అని ఉంటుంది. పక్కనించి గుద్దినప్పుడు సంచి ఈ అంచుని చీల్చుకుని వస్తుంది. కుర్రాడు ముందు తెచ్చిన కవరు దళసరి రెక్సిన్, చుట్టూ రెండేసి వరసల కుట్టు, చూడ్డానికి సోఫాలా ఉంది. రెండోది తెప్పించారు. అదే చోట ఓ వరస సన్నటి దారం, మిగతా కుట్లకన్నా పేలవంగా. బొటనవేలితో నొక్కితే కొంచెం విచ్చుకుంటోంది. "ఇది నాసిరకంలా ఉందిరా," అన్నారు మామగారు. ఆ కుట్టు తెగాలి. తెగడానికే కుట్టారు. ఈ ఒక్క సంగతి ఆయనకి ఎక్కించేసరికి మూడో టీ వచ్చింది.

మిగతావి చకచకా అయిపోయాయి. అంచులెత్తు ట్రే మ్యాట్లు, తలుపు అద్దాలకి వాన రేకులు, డ్యాష్‌క్యామ్, స్ప్రే సిరామిక్ కోటింగ్. నల్ల ఫిల్ము అడిగితే కుర్రాడే తల అడ్డంగా ఊపాడు. 2012లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన దగ్గర్నించి పోలీసులకి అది సులువు కేసు. హారన్ మార్చడానికి వైరు కొయ్యబోతే బావమరిది ఆపాడు. కోసిన వైరు చూపిస్తే వారంటీ దగ్గర పేచీ పెడతారు. కప్లర్‌తో తగిలించే వైరింగు ఉంటేనే పెట్టమన్నాడు. నెంబరు ప్లేటు ముట్టుకోనే కూడదు. అది హై సెక్యూరిటీ, లాకు విరిగితేగాని ఊడదు. "ఏపీ 37 అంటే మన జిల్లా అని దూరాన్నించే తెలిసేది," అని మామగారు నిట్టూర్చారు. 2019లో 39తో రాష్ట్రమంతటికీ ఒకటే సిరీస్ వచ్చింది.

హైవే ఎక్కాక గుండుగొలను దాకా మాటల్లేవు. తర్వాత బావమరిది తండ్రికి పాఠం మొదలెట్టాడు. బీఎస్ 6 డీజిల్ బండికి పొగ గొట్టంలో మసి పట్టే జల్లెడ ఉంటుంది. రోజూ ఇంటినించి చేపల చెరువుకీ, చెరువునించి ఇంటికీ మెల్లగా తిప్పుతూ పోతే మసి పేరుకుని మీటర్లో లైటు వెలుగుతుంది. వారానికోసారైనా హైవే మీద పావుగంటో ఇరవై నిమిషాలో ఆగకుండా తోలితే ఆ వేడికి మసి కాలిపోతుంది. "అంటే మేత పనికి వెళ్లే బండిని షికారుకి కూడా తిప్పాలన్నమాట," అన్నారు మామగారు. ఆయనకి ఆ సలహా నచ్చినట్టే ఉంది.

భీమడోలులో అత్తగారిని ఎక్కించుకుని చిన్న తిరుపతి అని పిలిచే ద్వారకా తిరుమల దారి పట్టారు. రైల్వే గేటు పడింది. 2023 మార్చిలో దురంతో ఎక్స్‌ప్రెస్ ఓ బొలెరోని గుద్దింది ఈ భీమడోలు గేటులోనే. లోపలి వాళ్లు అప్పటికే దిగి పారిపోయారు. ఆ కథ పూర్తయ్యేలోపు గూడ్సు వెళ్లిపోయింది.

ద్వారకా తిరుమలలో కొత్త బండి పూజ. బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేస్తుంటే నున్నటి పూత మీద నిలవక కిందికి జారుతోంది. పూజారి ఇంకాస్త చిక్కగా కలిపారు. బావమరిది చేతిలో మైక్రోఫైబర్ గుడ్డ ఉంది గానీ, అత్తగారి చూపుకి జేబులో పెట్టేసుకున్నాడు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. అవి చితికిన చప్పుడు లోపల కూర్చున్న మీకు కూడా వినబడింది.

అత్తగారిని ఇంట్లో దించి ఆగడాలలంక వైపు వెళ్లేసరికి మధ్యాహ్నం. రోడ్డులో సగం ధాన్యం ఆరబోశారు. మిగిలిన సగంలో ఎదురుగా మేత లారీ. ఎత్తయిన సీటు విలువ ఇక్కడ తెలుస్తుంది. పక్క కాలవ ఎంత దూరంలో ఉందో అంచనా దొరుకుతుంది. మామగారి చెరువు జిరాయితీ భూమి, కొల్లేరు సరస్సు ఐదో కాంటూరు గీతకి బయట. ఆ కాంటూరు వరకూ 1999లో అభయారణ్యం అన్నారు, 2006లో లోపలి చెరువుల గట్లు పేల్చారు. ఈ ఊళ్లలో ఏ స్థలం గురించి మాట్లాడినా ముందు కాంటూరు చెప్పాలి.

గట్టు ఎక్కగానే బంకమట్టి. చక్రాలు ఎగజిమ్మిన ముద్దలు తలుపుల సగం దాకా అతుక్కున్నాయి. ఇంత కొన్నాం, మడ్ ఫ్లాపులు మాత్రం ఎవరికీ గుర్తురాలేదు. మేత బండి డ్రైవరు వచ్చి బండి చుట్టూ తిరిగాడు. మెరుపులు చూడలేదు. గొంతుక్కూర్చుని తలుపు అడుగు అంచున వేలు పెట్టి తడిమాడు. "ఇక్కడ నీళ్లు కారే బెజ్జాలుంటాయండి." చీపురుపుల్ల దూర్చి తిప్పితే నల్లటి మట్టి ఊడి వచ్చింది, వెనకే రెండు చుక్కల నీళ్లు. "ఇయి మూసుకుపోతే తలుపు లోపల్నించి తుప్పడద్దండి. పైకి తెలవదు. ఎండాకాలం ఉప్పుటేరునించి ఉప్పునీరు ఎగదన్నుద్ది కదా, ఇంకా తొందరగా." అడుగున కోటింగు కొట్టేటప్పుడు కూడా ఈ బెజ్జాలకి టేపు వెయ్యమని చెప్పాలట. చాలామంది చెప్పరట.

బావమరిది అక్కణ్నించే షాపుకి ఫోన్ చేశాడు. నాలుగు మడ్ ఫ్లాపులు, అడుగు కోటింగు, రేపు పొద్దున్నే. అతను మాట్లాడుతుండగానే మామగారు తడి వల, రెండు బొచ్చెలున్న బకెట్టు తెచ్చి డిక్కీలో పెట్టి, గోతం కప్పారు. బకెట్టులో ఓ చేప ఇంకా తోక కొడుతోంది.

"పెర్‌ఫ్యూమ్ ఏమైనా పెట్టమంటారా సార్?" అంటున్నాడు ఫోన్లో కుర్రాడు.

బావమరిది డిక్కీ వైపు చూశాడు. "ఉన్నవాటిల్లో పెద్దది తియ్యండి."