విద్యుత్ కార్లలో అనుద్దేశిత త్వరణం

డ్రైవరు కోరకుండానే కారు ఒక్కసారిగా ముందుకు దూసుకుపోవడాన్ని అనుద్దేశిత త్వరణం అంటారు. విద్యుత్ కార్లు రాకముందే ఈ వివాదం ఉంది. 1980లలో ఆడి, 2009-10లో టయోటా కార్లపై ఇలాంటి ఫిర్యాదులే వచ్చాయి.

విద్యుత్ కార్లలో బాగా చర్చకు వచ్చింది అమెరికాలోని టెస్లా ఉదంతం. 2019లో అక్కడి జాతీయ రహదారి భద్రతా సంస్థకు అందిన అర్జీలో 127 ఫిర్యాదులు, 110 ప్రమాదాల ప్రస్తావన ఉంది. చాలా కార్లు పార్కింగ్ స్థలాల్లోనో ఇంటి ముంగిట్లోనో ఆపబోతుండగా అదుపు తప్పాయి. బ్రేకే తొక్కామన్నది యజమానుల మాట. కార్లలో నమోదైన డేటా మరోలా చెప్పింది. పెడల్ సెన్సర్ల లోపం అనుకోవడమూ కష్టమే: ఈ కార్లలో యాక్సిలరేటర్ పెడల్‌కు రెండు స్వతంత్ర సెన్సర్లుంటాయి. వాటికి పొంతన కుదరకపోతే మోటారుకు శక్తి తెగిపోతుంది. డేటా దొరికిన ప్రతి ఘటనలోనూ బ్రేకు బదులు యాక్సిలరేటర్ తొక్కడమే కారణమని తేల్చి, 2021 జనవరిలో సంస్థ అర్జీని తిరస్కరించింది. అంతమాత్రాన ఫిర్యాదుదారులు అబద్ధమాడారనడం అన్యాయం. కంగారులో కాలు పొరపడిన సంగతి ఆ మనిషికే తెలియకపోవచ్చు. పైగా విద్యుత్ మోటారు బలం తక్షణమే అందుతుంది, దిద్దుకునే వ్యవధి ఉండదు.

నిజమైన లోపాలూ బయటపడ్డాయి. 2024 ఏప్రిల్‌లో టెస్లా తన విద్యుత్ పికప్ ట్రక్కులైన సైబర్‌ట్రక్కులను 3,878 రీకాల్ చేసింది. పెడల్ తొడుగు బిగించేటప్పుడు జారుడు కోసం సబ్బు వాడారు; దాంతో తొడుగు పట్టు సడలి, జారి, పెడల్‌ను నొక్కిన స్థితిలోనే ఇరికించే ప్రమాదం ఏర్పడింది. అలాంటప్పుడు కూడా బ్రేకు తొక్కితే మోటారుకు శక్తి ఆగి బండి నిలుస్తుంది.