రాణి వేషం ఎవరిది?

తెర మీద జంకు లేని నటీమణుల చరిత్ర రాసేవాళ్ళు దాదాపు అందరూ ఒక్కచోటే మొదలుపెడతారు. 1974, శ్యామ్ బెనెగల్ ‘అంకుర్’, చివర్లో దొర మీద విరుచుకుపడి శాపనార్థాలు పెట్టే షబానా ఆజ్మీ. తర్వాత స్మితా పాటిల్, ‘భూమిక’, జాతీయ పురస్కారాలు. ఆ వరుసలో పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంటుంది, బొంబాయి ఉంటుంది. ఛత్తీస్‌గఢ్‌లోని రాయపూర్ ఉండదు.

షబానాను, స్మితను నేను తక్కువ చేయడం లేదు. చిన్న సినిమాల మీద నాకు ప్రేమ పుట్టిందే వాళ్ళ వల్ల. కానీ ఈ కథనం చదివినప్పుడల్లా వెలితిగా ఉంటుంది. తెగువంతా దర్శకుడు రాసిచ్చిన పాత్రలోనే ఉన్నట్టు చెబుతారు. ఆడది పదిమంది ముందు నిలబడి ఆడి పాడటానికే తెగించాల్సిన చోట్లున్నాయి. లెక్క అక్కడి నుంచి కట్టాలని నా వాదన.

తొలి దశలు అందరికీ తెలిసినవే. 1932లో ‘భక్త ప్రహ్లాద’ లీలావతిగా సురభి కమలాబాయి. ఆమె వెనుక, ఆడవేషాలు ఇంటి ఆడవాళ్ళే కట్టిన సురభి సమాజం. 1938లో ‘మాలపిల్ల’ కాంచనమాల. 1953లో ‘చండీరాణి’ని మూడు భాషల్లో తానే నడిపించిన భానుమతి. బి.ఎస్. నారాయణ ‘నిమజ్జనం’తో మూడోసారి జాతీయ ఉత్తమ నటి అయిన తెనాలి శారద.

ఛత్తీస్‌గఢ్ వైపు చూస్తే, ‘మాలపిల్ల’ వచ్చిన 27 ఏళ్ళకు, 1965లో, మనూ నాయక్ తీసిన ‘కహీ దేబే సందేస్’ వచ్చింది. ఛత్తీస్‌గఢీ భాషలో అదే తొలి చిత్రం. ‘మాలపిల్ల’లాగే దాని కథ కూడా కులం గీత దాటిన ప్రేమే. రఫీ పాడిన ఆ పాటలు రాసిన కవి పేరు హనుమంత్ నాయుడు. ఆ పేరు వినపడగానే తెలుగు చెవి అటు తిరుగుతుంది. 1971లో ‘ఘర్ ద్వార్’ వచ్చింది. ఆపైన 2000 దాకా ఛత్తీస్‌గఢీ తెర దాదాపు మూగబోయింది. చరిత్రకారులు ఇక్కడ పేజీ తిప్పేస్తారు. నేను ఆగేది ఇక్కడే. ఆ మూడు దశాబ్దాల్లో ఇక్కడి ఆడవాళ్ళ నటన తెర మీద లేదు గానీ, మట్టి అరుగుల మీద ఉంది.

ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో రాత్రంతా ఆడే ‘నాచా’లో రెండు వేషాలు ముఖ్యం: జోక్కర్, పరి. పరి అంటే ఆడవేషం. కట్టేది మగవాడే. మనకు స్థానం నరసింహారావు ఎలాగో అలాగ. రాయపూర్‌లో 1923లో పుట్టిన నాటక దర్శకుడు హబీబ్ తన్వీర్ 1958లో ‘మిట్టీ కీ గాడీ’ కోసం ఢిల్లీకి తీసుకెళ్ళిన ఆరుగురు జానపద కళాకారులూ మగవాళ్ళే. ఆడవాళ్ళు ఊరి ముందుకొచ్చి పాడే ఆచారం ఉన్నది దేవార్లలో. వాళ్ళు సంచార గాయకులు. వాళ్ళ ఆడవాళ్ళ పాటను ఊరు కోరుకుంది, ఆ ఆడవాళ్ళను మాత్రం చిన్నచూపు చూసింది. 1973లో తన్వీర్ రాయపూర్‌లో నెల రోజుల నాచా శిబిరం పెట్టి, ‘గావ్ కే నావ్ ససురాల్, మోర్ నావ్ దామాద్’ తయారు చేయించాడు. ఫిదా బాయి, మాలా బాయి వంటి దేవార్ స్త్రీలు ఆయన ‘నయా థియేటర్’కు వచ్చింది ఆ రోజుల్లోనే.

1975లో తన్వీర్ నాటకం ‘చరణ్‌దాస్ చోర్’. గురువుకు ఇచ్చిన మాట తప్పని దొంగ కథ. అందులో రాణి తానే నోరు తెరిచి దొంగను పెళ్ళాడమంటుంది. కాదన్నాక, ఆ సంగతి బయట చెప్పొద్దంటుంది. అబద్ధమాడనన్న వాడి వ్రతం అడ్డొస్తే చంపించేస్తుంది. కోరికను దాచుకోని ఆడది, అధికారం చేతిలో ఉన్న ఆడది, చివరికి జాలికి కూడా అర్హురాలు కాని ఆడది. మన తెర మీద అలాంటి పాత్ర అప్పటికి ఎన్నిసార్లు కనిపించింది? రంగస్థలం మీద ఆ రాణి ఫిదా బాయి. 1982లో ఎడిన్‌బరాలో ఫ్రింజ్ ఫస్ట్ బహుమతి తెచ్చుకున్నది ఈ నాటకమే.

1975లోనే బెనెగల్ దీన్ని చిల్డ్రన్స్ ఫిల్మ్ సొసైటీ కోసం సినిమాగా తీశాడు. లాలూరామ్, మదన్‌లాల్ వంటి నాచా నటులే తెర మీదికి వచ్చారు. రాణి వేషం మాత్రం ఇరవయ్యేళ్ళు నిండని స్మితా పాటిల్‌కు వెళ్ళింది. అది ఆమె తొలి చిత్రం. పేరున్న నటి కావాలన్న వ్యాపార లెక్క ఇందులో లేదు. స్మిత అప్పటికి బొంబాయి దూరదర్శన్‌లో మరాఠీ వార్తలు చదివే అమ్మాయి. సినిమాకు బాక్సాఫీసు భయమూ లేదు. పల్లె జనం మధ్య రాణి వేరే లోకపు మనిషిలా కనబడాలని బెనెగల్ అనుకుని ఉండవచ్చు. కథాపరంగా అది తప్పు కాదు. తన్వీర్ చేరదీయకపోతే ఫిదా బాయిని పట్నం చూసేదే కాదు గనుక ఇక్కడా దర్శకుడే దాత అనేవాళ్ళూ ఉంటారు. కొంత నిజమే. కానీ ఆయన రాకముందే ఆ ఆడవాళ్ళు ఊరి ముందు నిలబడ్డారు. ఆయన వాళ్ళకిచ్చింది వేదిక, ధైర్యం కాదు.

నేను స్మిత నటన నాచా నుంచి పుట్టిందనడం లేదు, దానికి ఆధారం లేదు. కానీ ఆమె తొలి సినిమాలో నిలబడింది ఈ మనుషుల పక్కనే. జీవిత చరిత్రల్లో ఒక్క వాక్యంతో దాటేసే ఆ సినిమాకు అంతకన్నా చోటు దక్కాలి. మూడేళ్ళకు ఆమె మన భాషకూ వచ్చింది, 1978 ‘అనుగ్రహం’లో, వాణిశ్రీతో కలిసి.

తెలుగులో ఈ జంకు లేని నటన దారిని తుదకంటా నడిచింది బి. నర్సింగరావు ‘దాసి’. గడీలో బతికే కమలాక్షిగా అర్చన మాటలు చాలా తక్కువ. ఒళ్ళు, నడక, చూపే నటన. 1988కి గాను ఆ చిత్రానికి ఐదు జాతీయ పురస్కారాలు వస్తే అందులో ఒకటి ఆమెది. ప్రేక్షకుడిని జాలి అడగని ఆ ముఖం ముందు, మన పెద్ద సినిమాల్లో ‘శక్తిమంతమైన స్త్రీ పాత్ర’ అని పొగిడించుకునేవి నాకు చిన్నవిగా కనిపిస్తాయి.

ఇప్పటి సంగతి? ‘నా బంగారు తల్లి’లో అమ్ముడుపోయిన కూతురిగా గుండె పిండేసిన అంజలి పాటిల్, 2017లో ఛత్తీస్‌గఢ్ దల్లీ రాజ్‌హరా అడవుల్లో తీసిన ‘న్యూటన్’లో మల్కో అయింది. గోండు టీచరు పాత్ర. అద్భుతంగా చేసింది. ఎన్నికల అధికారికి అడవి ఏమిటో ఆ సినిమాలో చెప్పగలిగేది ఆమె ఒక్కతే. అయినా నాకో బాధ మిగిలింది. స్మిత నుంచి అంజలి దాకా 42 ఏళ్ళు. స్వతంత్ర సినిమా అప్పుడూ ఇప్పుడూ ఛత్తీస్‌గఢ్ నేలను తీసుకుంది, ఇక్కడి మగ నటులనూ తీసుకుంది. 2010 ‘పీప్లీ లైవ్’తో ఓంకార్‌దాస్ మాణిక్‌పురీకి దేశమంతా పేరొచ్చింది. జాతీయ పురస్కారం అందుకున్న ‘భూలన్ ద మేజ్’లోనూ ఆయన ఉన్నాడు. ఆయనకు దక్కినంత పేరు తెచ్చుకున్న ఛత్తీస్‌గఢ్ పల్లె నటి ఎవరని అడిగితే నా దగ్గర పేరు లేదు. 2000లో ‘మోర్ ఛైంహా భుయియా’ విజయం తర్వాత వచ్చిన ఛత్తీస్‌గఢీ సినిమాల్లోనూ కథానాయిక ఎక్కువగా పాటకే పరిమితం.

విశాఖలో ‘కేరాఫ్ కంచరపాలెం’ తీసినవాళ్ళు అదే పేటలోని మనుషులను తెర మీదికి తెచ్చారు. నిర్మాత ప్రవీణ పరుచూరి తానే వేశ్య సలీమా వేషం వేసింది. ముసుగు చాటున కళ్ళతోనే ఆ పాత్రను నిలబెట్టింది. రాధ పాత్రలో నడివయసు స్త్రీ పెళ్ళి చేసుకోవడానికి బెరుకు పడదు. విశాఖ, రాయపూర్ ఒకే రైలు దారి మీది ఊళ్ళు. ఆ పద్ధతి రాయపూర్ కొసకు వచ్చిన రోజున, రాణి వేషానికి మనిషిని వెతుక్కుంటూ బొంబాయి వెళ్ళాల్సిన పనుండదు. ఫిదా బాయి పుట్టిన సీమలోని ఊళ్ళలో ఆడవాళ్ళు ఇప్పటికీ పాడుతున్నారు.