ఎదిరింపుకూ లొంగుబాటుకూ నడుమ: ఢిల్లీ సల్తనతు ముందు కాకతీయ రాజ్యం (1303–1323)

సారాంశం: ఎదుగుతున్న పెద్ద రాజ్యం ముందు చిన్న రాజ్యాలు ఎదురు తిరగాలా, లోబడాలా అన్నది అంతర్జాతీయ సంబంధాల అధ్యయనంలో పాత ప్రశ్న. కాకతీయ రాజు రెండో ప్రతాపరుద్రుడు ఇరవై ఏళ్లలో రెండూ చేశాడు. ఆయన ఎన్నుకున్న మార్గం కన్నా, కప్పం కట్టి సంపాదించిన గడువును వాడుకున్న తీరే కాకతీయుల పతనానికి కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ప్రస్తావన

ముంచుకొచ్చే బలానికి ఎదురుగా రాజ్యాలు సాధారణంగా జట్టు కడతాయని, నమ్మదగిన మిత్రులు లేని బలహీన రాజ్యాలు మాత్రం ఆ బలం పక్షానే చేరే అవకాశం ఉందని స్టీఫెన్ వాల్ట్ 1987లో వాదించాడు. ఈ వాదనను పరీక్షించడానికి హుజూరాబాద్, కరీంనగర్, సిర్పూర్‌లతో కూడిన ఉత్తర తెలంగాణ చక్కటి క్షేత్రం. ఢిల్లీ సేనల తాకిడిని ముందుగా చవిచూసిన కాకతీయ భూభాగాల్లో ఇదొకటి.

ఎదిరింపు

1303లో ఢిల్లీ సుల్తాను అలావుద్దీన్ ఖిల్జీ సేన బెంగాల్ మీదుగా వచ్చి భంగపడింది. చరిత్రకారుడు బరనీ నెపాన్ని వానాకాలం మీద వేశాడు. వెలుగోటివారి వంశావళి మాత్రం ఉప్పరపల్లి వద్ద పోతుగంటి మైలి, రేచర్ల వెన్నడు ఆ సేనను ఓడించారంటుంది. ఈ ఉప్పరపల్లి కరీంనగర్ ప్రాంతంలోదేనని పరిశోధకులు గుర్తించారు.

లొంగుబాటు

1309లో అలావుద్దీన్ సేనాని మాలిక్ కాఫూర్ దేవగిరి మీదుగా వచ్చాడు. అప్పటికే ఢిల్లీకి సామంతుడైన యాదవ రామచంద్రుడు అతనికి సాయపడ్డాడు. దారిలో కాఫూర్ పట్టుకున్న సబర్ కోటను సిర్పూర్‌గా గుర్తిస్తారు. 1310లో కాకతీయ రాజధాని ఓరుగల్లు మట్టికోట కూలాక ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకున్నాడు. మెడలో గొలుసు వేసిన తన బంగారు ప్రతిమను పంపాడని ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో రాశాడు. కప్పం ఆగడంతో 1318లో ఢిల్లీ సేనాని ఖుస్రో ఖాన్ దండెత్తినప్పుడు, రాజు కోట మీద నిలబడి ఢిల్లీ దిక్కుకు వంగి నమస్కరించాడు. బదులుగా రాచ దుస్తులు, గొడుగు అందుకున్నాడు.

విశ్లేషణ

ఈ లొంగుబాటును పిరికితనంగా చూడడం సరికాదు. అలావుద్దీన్‌కు దక్షిణాది ధనం కావాలి, పాలనాభారం అక్కర్లేదు. కప్పం ముట్టినంతకాలం ఓరుగల్లు సింహాసనం కదలలేదు. ఇబ్బంది మరోచోట ఉంది. 1311లో హొయసల బల్లాలుడు కాఫూర్‌కు పాండ్య దేశానికి దారి చూపాడు. 1316లో కాకతీయ సేనాని ముప్పిడి నాయకుడు కంచిదాకా దండెత్తి వెళ్లాడు. దక్కన్ రాజులు ఉత్తరం నుంచి వస్తున్న ముప్పును తెలిసీ పొరుగువాడి బలహీనతనే అవకాశంగా తీసుకున్నారు. వాల్ట్ చెప్పిన నమ్మదగిన మిత్రుల కొరతను చాలావరకు వారే తెచ్చుకున్నారు.

ఘియాసుద్దీన్ తుగ్లక్ కాలానికి ఢిల్లీ లక్ష్యం మారింది. కప్పంతో సరిపెట్టుకోక నేరుగా ఏలాలనుకుంది. అతని కొడుకు ఉలుగ్ ఖాన్ మొదటి ముట్టడి విఫలమైనా, 1323లో ఓరుగల్లు పడిపోయింది. బందీగా ఢిల్లీకి వెళుతూ ప్రతాపరుద్రుడు నర్మదా తీరంలో మరణించాడని విలస శాసనం చెబుతుంది.

ముగింపు

ఓరుగల్లును తిరిగి గెలిచిన ముసునూరి కాపయ నాయకుడు ఢిల్లీపై తిరుగుబాటు చేసిన హసన్ గంగూకు సాయం చేశాడు. 1347లో హసన్ బహమనీ రాజ్యాన్ని స్థాపించాక దానికే కౌలాస్, గోల్కొండ కోటలు వదులుకున్నాడు. ఒక బలాన్ని దించడానికి ఇంకో బలాన్ని ఎత్తడం శాశ్వత రక్షణ కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. చిన్న రాజ్యం తలవంచినా తప్పులేదు. ఆ గడువులో పొరుగువారితో వైరం మాని, ఉమ్మడి రక్షణ కట్టుకోకపోతేనే అసలు నష్టం.