ఇంటిపేరూ, పది స్థానాల సంఖ్యా

మన దేశంలో ఆదాయపు పన్నును 1860లో జేమ్స్ విల్సన్ ప్రవేశపెట్టాడు. చెల్లించేవారికి దేశమంతటా చెల్లుబాటయ్యే ఒకే గుర్తు మాత్రం నూరేళ్ళు దాటినా ఏర్పడలేదు. పూర్వం ఏ అధికారి పరిధిలో ఉంటే అక్కడి రిజిస్టరులోని జి.ఐ.ఆర్. సంఖ్యే ఆధారం, పరిధి మారితే సంఖ్యా మారేది. 1972లో శాశ్వత ఖాతా సంఖ్య, అనగా పాన్, వచ్చింది. నేటి పది స్థానాల రూపం 1995 నాటిది: ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం. నాలుగవది ‘పి’ అయితే వ్యక్తి, ‘సి’ అయితే కంపెనీ. వ్యక్తులకు ఐదవది ఇంటిపేరు తొలి అక్షరం.

మన చిక్కంతా ఇక్కడే ఉన్నది. తెలుగువారు ఇంటిపేరును ముందు పొడి అక్షరంగా వ్రాసి, పెట్టిన పేరును పూర్తిగా వ్రాస్తారు. 49ఏ ఫారమేమో ఇంటిపేరునూ విప్పి వ్రాయమన్నది. దానితో బడి రికార్డులో ఒక తీరు, బ్యాంకు పుస్తకంలో మరొక తీరు, పాన్ కార్డులో ఇంకొక తీరు ఏర్పడ్డాయి.

2020 మే 28న ఆధార్ ఆధారంగా, రుసుము లేకుండా, ఆన్‌లైనులో తక్షణ ఇ-పాన్ ఇచ్చే సదుపాయం ఆరంభమైంది. అందులో పేరు ఆధార్ నుండే వస్తుంది. కనుక దరఖాస్తుకు ముందే అక్కడ పేరు సరిచూసుకోవడం మేలు. తాతలనాటి ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించినవారము మనమే. దానిని పూర్తిగా వ్రాయుమని అడిగినది మాత్రం పన్నుల శాఖ!