టీకాకు ముందు మాట

కొంతకాలంగా పలువురు పాఠకులు ఒకే సందేశాన్ని నాకు పంపి, "ఇది నిజమేనా డాక్టరుగారూ?" అని అడుగుతున్నారు. ఆవు పొదుగు మీది పొక్కు నుంచి తీసిన రసాన్ని సూదిమొనతో భుజానికి ఎక్కిస్తే మశూచి రాదని ధన్వంతరి ఏనాడో చెప్పాడనీ, ఎడ్వర్డ్ జెన్నర్ మన శ్లోకాన్ని తన పేర వేసుకున్నాడనీ ఆ సందేశ సారాంశం. పంపినవారిలో ఉపాధ్యాయులున్నారు, ఇంజనీర్లున్నారు, నా తోటి వైద్యులు కూడా ఉన్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా జవాబు రాయడం కంటే ఆ శ్లోకం పుట్టుపూర్వోత్తరాలను ఇక్కడే వివరించడం మేలనిపించింది. జబ్బు గురించి, టీకా గురించి జనానికి ఏమి చెప్పాలి, ఎలా చెప్పాలి అనే ప్రశ్నకు మన దేశంలో రెండు వందల ఏళ్ల చరిత్ర ఉన్నది. ఈ శ్లోకం ఆ చరిత్రలోని ఒక విచిత్రమైన ఘట్టం.

ముందుగా మన ప్రాచీన గ్రంథాలలో నిజంగా ఉన్నదేమిటో చూద్దాం. మసూరిక అనే పేరుతో ఈ వ్యాధి ప్రస్తావన సుశ్రుతంలో ఉన్నది. మాధవనిదానం దీనికి ఒక అధ్యాయమే కేటాయించింది. లక్షణాలున్నాయి, చికిత్స ఉన్నది. ఆవు పొక్కు రసం ఊసు మాత్రం లేదు. అయితే మన దేశంలో మరొక పద్ధతి నిజంగానే ఉండేది. బెంగాల్, ఒడిశా ప్రాంతాలలో టీకాదారులు ఏటా మశూచి రుతువుకు ముందే ఊళ్లు తిరిగి, కిందటి ఏడాది మశూచి పొక్కుల నుంచి దాచి ఉంచిన పదార్థాన్ని చేతి మీద చిన్న గాటు పెట్టి ఎక్కించేవారు. హాల్వెల్ అనే ఆంగ్లేయ వైద్యుడు 1767లో లండన్‌లో ప్రచురించిన పుస్తకంలో దీనిని వివరంగా వర్ణించాడు. ఇది మనిషి మశూచినే మనిషికి స్వల్పంగా అంటించడం. చాలామందికి తేలికపాటి జబ్బు వచ్చి, జీవితాంతం రక్షణ దొరికేది, కొందరు చనిపోయేవారు, ఎక్కించుకున్నవారి నుంచి ఇతరులకు అసలు మశూచి సోకే ప్రమాదమూ ఉండేది. గర్వించదలచినవారు గర్వించడానికి ఈ అసలు చరిత్ర చాలు. లేని శ్లోకాన్ని తెచ్చిపెట్టుకోనవసరం లేదు.

టీకా అనే మాట మనకు ఆ ఉత్తరాది నుంచే వచ్చింది. తెలుగులో అంతకుముందు టీకా అంటే వ్యాఖ్యానం; టీకా తాత్పర్యాలు చదివిన తరం మాది. అర్థం విడమరచి చెప్పడానికీ, సూదిమందుకూ మన భాషలో ఒకే మాట కుదరడం కాకతాళీయమే అయినా నాకెందుకో ఎప్పుడూ సబబుగానే తోస్తుంది.

జెన్నర్ 1796లో గోమశూచి రసంతో తన ప్రయోగం చేసి, 1798లో ఫలితాలను ప్రకటించాడు. నాలుగేళ్లకే అది మన దేశం చేరింది. వియన్నా, కాన్‌స్టాంటినోపుల్, బాగ్దాద్, బస్రాల మీదుగా వచ్చిన రసాన్ని 1802 జూన్ 14న బొంబాయిలో మూడేళ్ల అన్నా డస్ట్‌హాల్ అనే బాలికకు వేశారు. మన దేశంలో తొలి టీకా అదే. ఆ పాప చేతి పొక్కు నుంచి మరికొందరికి, వారి నుంచి ఇంకొందరికి ఎక్కించుకుంటూ మద్రాసు తదితర ప్రాంతాలకు చేర్చారు. మంచుపెట్టెలు లేని రోజులవి. మన ఎండలకు రసం పాడైపోయేది. కాబట్టి దానిని బతికించే సీసా పసిపిల్లవాడి చెయ్యే.

ప్రజలు ఎందుకు ఎదురు తిరిగారో ఇక్కడ కొంత ఆలోచించాలి. మూఢనమ్మకం అని ఒక్క మాటతో తేల్చేయడం మా వృత్తిలో వారికి పాత అలవాటు. టీకా వేసిన ఎనిమిదో రోజున ఆ మనిషి మళ్లీ వచ్చి, బిడ్డ చేతి పొక్కును చిదిమి, ఆ రసాన్ని ఊరూపేరూ తెలియని మరో బిడ్డకు ఎక్కిస్తాడు. నొప్పితో ఏడుస్తున్న బిడ్డను ఏ తల్లి ఇష్టంగా అప్పగిస్తుంది? ఎవరి నెత్తురు ఎవరిలోకి పోతున్నదోనన్న కులపు పట్టింపూ ఉండేది, అంతకంటే సహేతుకమైన భయమూ ఉండేది. చేతి నుంచి చేతికి ఎక్కించే ఆ పద్ధతిలో వేరే జబ్బులు అంటుకోవచ్చునని తరువాత వైద్యశాస్త్రమే ఒప్పుకొన్నది. పైగా వచ్చినవాడు సర్కారు మనిషి. తెల్లవాడి గుర్తు వేస్తున్నాడని, పన్ను కోసమని, పట్టుకుపోవడానికని వదంతులు పుట్టాయి. అడిగితే చెప్పేవాడు లేని చోట వదంతి కాక మరేమి పుడుతుంది?

ఆ దశలో మద్రాసులో ఒక అధికారికి ఒక ఉపాయం తట్టింది. ఆయన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. తెలుగువారికి కొత్త పేరు కాదు; తెలుగు సంస్కృతజన్యం కాదని, తమిళ కన్నడాలతో పాటు వేరే కుటుంబానికి చెందుతుందని 1816లో కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి చేర్చిన వ్యాసంలో సోదాహరణంగా నిరూపించిన పండితుడు. మన భాషకు అంతటి మేలు చేసిన ఆయనే, జనం చేత టీకా వేయించాలన్న సదుద్దేశంతో, గోమశూచి టీకా మన దేవతల ప్రసాదమే అన్నట్లుగా తమిళంలో ఒక పురాణగాథ కూర్చాడు. 1819లో మద్రాసు కొరియర్ పత్రికలో మారుపేరుతో ఒక ఉత్తరం అచ్చయింది. నేడు వాట్సాప్‌లో తిరుగుతున్న ధన్వంతరి శ్లోకం మూలం అందులో ఉన్నది. అది కూడా ఎల్లిస్ చేతి పనే కావచ్చునని పరిశోధకుల అభిప్రాయం. డొమినిక్ వుజాస్తిక్ అనే సంస్కృత పండితుడు ఈ వ్యవహారాన్నంతా తవ్వి తీసి, దీనిని ఒక పుణ్యపు మోసంగా వర్ణించాడు. ఎల్లిస్ ఆ ఏడాదే మరణించాడు. ఆయన అబద్ధం మాత్రం బతికింది.

తన ఆయుష్షును అది తానే వెతుక్కున్నది. యూరోపు వైద్య గ్రంథాలలోకి ఎక్కింది. అక్కడి నుంచి ప్రామాణిక వాక్యంగా మన దేశానికి తిరిగి వచ్చింది. మద్రాసు రాష్ట్రమంతటికీ టీకా రసం తయారుచేయడానికి గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్‌ను నెలకొల్పారు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు మందు వచ్చినది అక్కడి నుంచే. 1905లో దాని ప్రారంభోత్సవంలో సాక్షాత్తూ గవర్నరు ఆంప్‌టిల్ ప్రభువే, ఆవు రసపు టీకా ధన్వంతరి కాలం నుంచీ భారతీయులకు తెలుసునని సభాముఖంగా ప్రకటించాడు. తమవారే అల్లిన కథను తామే నమ్మారు.

మంచి పని కోసం ఆడిన అబద్ధానికి దోషం లేదని మన పెద్దలు కొన్ని సందర్భాలలో వెసులుబాటు ఇచ్చిన మాట నిజమే. వైద్యంలో ఆ వెసులుబాటు కూడదని నా నిశ్చితాభిప్రాయం. ఎల్లిస్ గాథ విని టీకా వేయించుకున్నవారు ఎందరో చెప్పలేము. టీకాల పట్ల అనుమానం రేకెత్తించడానికి ఈనాడు కొందరు వాడుకునే ఆయుధాలలో అదే శ్లోకం ఉన్నదని మాత్రం చెప్పగలను.

ఇక మన ఊళ్ల సంగతి. మశూచి సోకితే "అమ్మవారు పోసింది" అనేవారు. కొన్ని చోట్ల పెద్దమ్మవారు, తెలంగాణలో పోచమ్మ. గుమ్మానికి వేపమండలు కట్టేవారు. ఆ ఇంటికి ఎవరూ వెళ్లేవారు కాదు, ఆ ఇంటివారు ఎవరింటికీ వచ్చేవారు కాదు, ఇంట్లో తాలింపు కూడా వేసేవారు కాదు. నా దృష్టిలో ఆ వేపమండ ఊరు తనకు తాను పెట్టుకున్న హెచ్చరిక బోర్డు. చదువు రానివాడికి కూడా అర్థమయ్యే బోర్డు. అయితే అదే ఊరు అమ్మవారిని శాంతింపజేయడానికి జాతర చేసి, పది ఊళ్ల జనాన్ని ఒకచోట చేర్చేది కూడా. మంచి, చెడు రెండూ కలిసి ఉన్న వ్యవస్థ అది. దానితో మాట్లాడి, మంచిని వాడుకుందామన్న ఆలోచన సర్కారుకు చాలాకాలం రాలేదు. 1880లో టీకా చట్టం వచ్చింది. చాటింపు వేయించడం, కరణం మునసబుల చేత పిల్లలను జమ చేయించడం, లెక్క రాసుకొని వెళ్లడం, అంతే. నా బాల్యంలో, అంటే 1950లలో కూడా అదే తంతు. ముళ్ల చక్రాన్ని చర్మానికి ఒత్తి గిర్రున తిప్పే ఆ టీకాల మనిషి పేరు చెబితే పిల్లలు గడ్డివాములలో దాక్కునేవారు. అరవై దాటినవారు ముంజేతి మీదో జబ్బ మీదో ఉన్న గుండ్రటి మచ్చలను ఒకసారి తడిమి చూసుకోండి. అది ఎందుకు వేస్తున్నారో మాకు గానీ మా తల్లులకు గానీ ఎవరూ చెప్పిన జ్ఞాపకం లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1962లో జాతీయ మశూచి నిర్మూలన పథకం మొదలైంది. కోట్ల టీకాలు వేశారు. కాగితం మీద శాతాలు ఘనంగా ఉండేవి, జబ్బు మాత్రం పోలేదు. కారణం సూదిలో లేదు, వార్తలో ఉన్నది. కేసు బయటపడితే పై అధికారి సంజాయిషీ అడుగుతాడని కింది ఉద్యోగి దాచేవాడు. జిల్లా అధికారి రాష్ట్రానికి దాచేవాడు. ప్రజలు సమాచారం దాస్తున్నారని ఫిర్యాదు చేసిన యంత్రాంగంలోనే అసలు దాపరికం ఉండేది. ఇది నేను ఉద్యోగంలో ఇతర వ్యాధుల విషయంలోనూ చూశాను. ఒక అంటువ్యాధి నివేదికను "పరిస్థితి అదుపులో ఉన్నది" అనే వాక్యం కింద పాతిపెట్టమని ఒక పెద్దాయన నాకే సలహా ఇచ్చారు. ఆయన పేరు ఇప్పుడెందుకు?

1973 నాటికి దక్షిణాది దాదాపు బయటపడింది. మశూచి ప్రధానంగా ఉత్తరప్రదేశ్, బీహార్, పశ్చిమబెంగాల్, మధ్యప్రదేశ్‌లలో మిగిలింది. ఆ ఏడాది శరత్కాలంలో పద్ధతి మార్చారు. అందరికీ టీకా అనే లక్ష్యం కంటే కేసును వెతికి పట్టుకోవడాన్ని ముందుకు తెచ్చారు. మశూచికి ఆ వీలు ఉన్నది. అది మనిషికే వస్తుంది, జంతువులలో దాగదు. ముఖం మీదే కనిపిస్తుంది. వైరస్ సోకిన పది పన్నెండు రోజులకు గానీ జ్వరం రాదు. సోకిన మూడు నాలుగు రోజులలోపు టీకా వేసినా చాలావరకు కాపాడుతుంది. కాబట్టి కేసు ఎక్కడున్నదో తెలిస్తే చుట్టూ ఉన్నవారికి టీకా వేసి గొలుసును తెంచవచ్చు. తెలియడమే ముఖ్యం. తెలిసినవారు ఊరివారే.

అంతకుముందు సర్కారు ఊరికి చెప్పేది. ఇప్పుడు ఊరిని అడగవలసి వచ్చింది. నెలకు ఒక వారం లక్షకు పైగా ఆరోగ్య సిబ్బంది ఇతర పనులన్నీ ఆపి ఊళ్ల మీద పడ్డారు. వారి చేతిలో ఒక బొమ్మ కార్డు ఉండేది, మశూచి సోకిన పసిబిడ్డ ఫొటోతో. "ఇటువంటిది ఎక్కడైనా చూశారా?" అన్నదే ప్రశ్న. బడికి వెళ్లి పిల్లలను అడిగారు. పిల్లలకు ఊళ్లో అన్నీ తెలుసు, దాచడం తెలియదు. సంతలో, టీకొట్టులో, బిచ్చగాళ్లను, దారినపోయే కూలీలను అడిగారు. తొలి గాలింపులలోనే, రిజిస్టర్లలో ఉన్నవాటికి ఎన్నో రెట్ల కేసులు బయటపడ్డాయి. 1974లో దేశంలో నమోదైనవి లక్షా 88 వేలు. పత్రికలు గగ్గోలు పెట్టాయి. జబ్బు పెరిగినందువల్ల కొంత, దాచడం తగ్గినందువల్ల కొంత ఆ అంకె పెరిగింది. ఆ గగ్గోలుకు బెదిరి పాత పద్ధతికి పోకుండా నిలబడినవారి ధైర్యానికి నేను నమస్కరిస్తాను.

కేసు చెప్పినవారికి బహుమానం పెట్టారు. మొదట 50 రూపాయలు, తరువాత 100, చివరకు 1000. అంతకంటే నాకు నచ్చిన ఏర్పాటు మరొకటున్నది. గాలింపు ముగిసిన ఊళ్లకు వేరే బృందం వెళ్లి, బహుమానం సంగతి మీకు తెలుసా, కేసు కనిపిస్తే ఎవరికి చెప్పాలో తెలుసా అని గ్రామస్థులను అడిగేది. ఎన్ని కరపత్రాలు పంచారన్న లెక్కతో సరిపెట్టుకోలేదు. ఎందరి చెవిన పడింది, ఎందరికి అర్థమైంది అని కొలిచారు. మన ఆరోగ్య ప్రచారాలలో ఈ కొలత ఇప్పటికీ అరుదు.

ఈ కథలో మచ్చ లేదని చెప్పడం కూడా ఎల్లిస్ పనే అవుతుంది. చివరి దశలో కొన్ని చోట్ల రాత్రివేళ ఇళ్లలోకి చొరబడి, ఏడుస్తున్నవారిని పట్టుకొని బలవంతాన టీకాలు వేశారు. ఆ పనికి వెళ్లిన వైద్యులలో కొందరు తరువాత స్వయంగా రాశారు. గొలుసు తెగింది, కానీ ఆ ఇళ్లలో మిగిలిన చేదు తరువాత వచ్చిన కార్యక్రమాలకు అడ్డుపడి ఉంటుందనడంలో నాకు సందేహం లేదు.

1990లలో పల్స్ పోలియో మొదలైనప్పుడు మా ఆరోగ్య కేంద్రం పరిధిలోని ఒక ఊరిలో కొందరు తల్లులు బిడ్డలకు చుక్కలు వేయించడానికి ఒప్పుకోలేదు. చుక్కలు వేస్తే సంతానం కలగదని ఎవరో చెప్పారట. నేను, మా నర్సమ్మ గంటసేపు చెప్పినా కదలలేదు. ముఖం నిండా స్ఫోటకం మచ్చలున్న ఒక ముసలమ్మ అరుగు మీద కూర్చుని అంతా వింటున్నది. "నాకు టీకా ఎయ్యలేదే. మా అక్కకీ ఎయ్యలేదు. అది పోయింది, నేను ఇట్టా మిగిలాను" అన్నది. అంతే. ఆమె ధన్వంతరి పేరు ఎత్తలేదు, చట్టం పేరూ ఎత్తలేదు. ఆ పూట ఆ వీధిలో పిల్లలందరికీ చుక్కలు పడ్డాయి. ఆ తరువాత ప్రతి విడతకూ ముందు రోజు ఆమెను కలిసి, ఏమి వేస్తున్నామో, ఎందుకో చెప్పి వచ్చేవాళ్లం. ఆమె అడిగే ప్రశ్నలు మా శిక్షణ తరగతుల్లో వినిపించిన వాటికంటే పదునుగా ఉండేవి.

మన దేశంలో చివరి మశూచి కేసు 1975 మేలో అస్సాంలోని కరీంగంజ్‌లో కనిపించింది. ఆ తరువాత రెండేళ్లపాటు గాలింపులు ఆపలేదు. పొక్కులు కనిపించిన ప్రతిచోటి నుంచి కబురు వచ్చేది, ఎవరో ఒకరు వెళ్లి చూసేవారు. ఆటలమ్మ అని తేలేది, లేదా చిడుము అని. 1977 ఏప్రిల్‌లో అంతర్జాతీయ సంఘం దేశమంతా పరిశీలించి, మశూచి లేదని ధ్రువీకరించింది. గోడల మీద రాసిన ఆ 1000 రూపాయల బహుమానాన్ని అందుకోవడానికి అన్నాళ్లలో దేశంలో ఒక్క కేసు కూడా దొరకలేదు.