నగరేశ్వరుడికిచ్చిన బతుకు

పెనుగొండ కథ ఎక్కడ మొదలుపెట్టినా ముగింపే ముందు కళ్లెదుట నిలుస్తుంది. గోదావరి తీరాన 103 అగ్నిగుండాలు, వాటి ముందు 102 గోత్రాల దంపతులు, వారందరికన్నా ముందు పెళ్లీడు పిల్ల. తెలిసిన కథే. తెలిసినందువల్లే ప్రతి మలుపులోనూ గుండె ఉగ్గబట్టుకుని వింటాం, ఇక్కడైనా ఒక్కరు ఆగి ఉంటే బాగుండునని.

వైశ్యుల పురాణం చెప్పే వరుస ఇది. కుసుమశ్రేష్ఠి పెనుగొండకు పెద్ద. పద్దెనిమిది పట్టణాల వర్తకులు ఆయన మాట మన్నించేవారు. ఇంట అన్నీ ఉన్నాయి, బిడ్డలే లేరు. గురువు భాస్కరాచార్యులు దగ్గరుండి పుత్రకామేష్టి చేయించారు. కుసుమాంబ యజ్ఞప్రసాదం కళ్లకద్దుకుని తిన్నది. వైశాఖ శుద్ధ దశమినాడు కవలలు పుట్టారు: విరూపాక్షుడు, వాసవి.

దేవుణ్ణి అడిగి తెచ్చుకున్న బిడ్డ. పెళ్లిమాటలు చెవిన పడే వయసుకే ఆమె మనసు ఊరి శివుడు నగరేశ్వరుడి సన్నిధిలో కుదురుకుంది. కొత్త బియ్యం ఇంటికొస్తే ముందు దేవుడికి పొంగలి వండే నేల ఇది. మిగిలింది కాదు, మేలైంది ఆయనకు. వాసవి దగ్గరున్న మేలైనది ఆమె బతుకు. దాన్ని పూలతోపాటు అక్కడ పెట్టేసింది. నేను మళ్లీ మళ్లీ ఆగిపోయేది ఇక్కడే. ఆమె ఇస్తానన్నది బతుకు, చావు కాదు. తెల్లవారి లేచి, స్నానం చేసి, మారేడు దళాలు కోసుకొచ్చి, పాడుకుంటూ గడపవలసిన ఏళ్లు.

ఆ ఏళ్ల మీద రాజు విష్ణువర్ధనుడి కన్ను పడింది. వేంగీ చాళుక్యుల్లో విష్ణువర్ధనుడన్నది ఎందరో ధరించిన పేరు. ఈ కథలో రాజు రాజరాజనరేంద్రుడి తండ్రి విమలాదిత్యుడేనని సంప్రదాయం. చరిత్ర లెక్కలో ఆయన ఏలుబడి 1011 నుంచి 1018 వరకు. పెనుగొండ వచ్చిన రాజుకు వర్తకులు హారతులిచ్చి స్వాగతం పలికారు. ఆ గుంపులో వాసవిని చూశాడు. చూసి వెళ్లిపోయి ఉంటే! ఇంట భార్య ఉంది, కొడుకున్నాడు. అయినా పిల్లనిమ్మని కబురు పంపాడు. కుసుమశ్రేష్ఠి కాదన్నాడు. ఆ జవాబు విని ఊరుకున్నా సరిపోయేది. సామం, దానం, భేదం అయ్యాక సైన్యం కదిలింది.

714 గోత్రాల వారు సభ తీరారు. రాజుతో వైరమెందుకు, పిల్లనిద్దామన్నవారు 612 గోత్రాలు. వారిని నిందించబుద్ధి కాదు, వారి ఇళ్లలోనూ పసివాళ్లున్నారు. కానీ అందరూ ఒక్కమాట మీద నిలిచి ఉంటే, రాజు ఒక్క రాత్రయినా ఆలోచించి ఉండేవాడేమో. వారు వెళ్లిపోయారు. 102 గోత్రాలు మిగిలాయి.

యుద్ధం చేద్దామంటే వాసవి వద్దంది. తన ఒక్కదాని కోసం నెత్తురు పారకూడదని, తాను అగ్నిలో దిగుతానని అంది. ఆ తల్లిదండ్రులు ఆ మాట ఎలా విన్నారో! మాఘ శుద్ధ విదియనాడు నిప్పు రాజేశారు. గుండంలో దిగేముందు ఆమె కోరిన కోరికల్లో ఒకటి నన్ను కలచివేస్తుంది: ఇకముందు తమ కులంలో పుట్టే ఆడపిల్లలకు ఇంతటి అందం వద్దని. తప్పు చూసినవాడిది. పిల్ల మాత్రం తన ముఖాన్నే దోషిని చేసుకుని వెళ్లింది. నగరేశ్వరుడి గుడిలో తల నెరిసేదాకా దీపం పెట్టవలసిన మనిషి ఆమె. ఆ ముసలి వాసవిని పెనుగొండ చూడలేదు.

దారిలో అపశకునాలు ఎదురైనా రాజు వెనుదిరగలేదు. ఊరి పొలిమేరలో వార్త విన్నాడు, తల పగిలి కూలిపోయాడంటారు. ఆ చావు వల్ల ఏ ఇల్లూ తిరిగి నిండలేదు.

రాజరాజనరేంద్రుడు పరుగున వచ్చి తండ్రి చేసిన దానికి క్షమాపణ వేడుకున్నాడు. ఎదురుగా విరూపాక్షుడు. తల్లి, తండ్రి, తనతో కలిసి పుట్టిన తోబుట్టువు ఒక్కనాడే పోయిన కుర్రవాడు. చుట్టూ ఉన్నవారు పగ తీర్చుకోమన్నారు. అతను క్షమించాడు. రాజమహేంద్రవరం ఏలిన ఆ నరేంద్రుడే నన్నయ చేత మహాభారతాన్ని తెలుగులో మొదలుపెట్టించాడు. విరూపాక్షుడు పెనుగొండలోనే ఉండి, తండ్రి చేయవలసిన పనులన్నీ నెత్తినెత్తుకుని, నగరేశ్వరుడి సన్నిధిలో వాసవి విగ్రహం నిలిపాడు.