బండలాగే ఎడ్ల గాయాలు, కోలుకునే తీరు

అద్దంకి పరిసరాల్లో తిరునాళ్లకు ఎడ్ల బండలాగుడు పోటీలు పెట్టడం పాత ఆచారం. నల్లరేగడి దున్నిన ఒంగోలు జాతి ఎడ్ల సత్తాకు అది పరీక్ష. పళ్లను బట్టి జతలను విభాగాలు చేసి, నిర్ణీత సమయంలో రాతిబండను ఎంత దూరం లాగాయో అడుగుల్లో కొలుస్తారు.

ఈ శ్రమలో ముందు దెబ్బతినేది మెడ. కాడి రాపిడికి తోలు కమిలి వాస్తుంది, పట్టించుకోకపోతే పుండవుతుంది. రైతులు పసుపు, వేపనూనె రాసి, అది మానేదాకా ఎద్దు మెడన కాడి పెట్టేవారు కాదు. తర్వాతి ముప్పు కాళ్లకు. నేల గట్టిదైతే గిట్టలు అరుగుతాయి, పట్టు జారితే కీళ్లు బెణుకుతాయి. అరుగుదలకు లాడాలు కొట్టిస్తారు. బెణికిన కాలికి విశ్రాంతే అసలు మందు. వాపు తగ్గాక చెరువులో ఈత కొట్టిస్తే కాళ్లపై బరువు పడకుండానే కండ నిలుస్తుంది. ఉలవల దాణాతో ఒళ్లు తేరుకుంటుంది.

1960 నాటి జంతుహింస నివారణ చట్టం పశువును అనవసరంగా బాధించడాన్ని నేరంగా పరిగణించింది. 2014 మే 7న జల్లికట్టు, ఎడ్ల పందేల కేసులో సుప్రీంకోర్టు, నొప్పి, గాయం, రోగం లేకుండా బతకడం పశువుల హక్కని తేల్చింది. గాయం మానని ఎద్దును బరిలోకి దించకపోవడం యజమాని కనీస ధర్మం.